రెండూ ఎడమ చేతులే!

"అయ్యో... రెండూ ఎడమ చేతులే!"

కత్తెర ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఇంటి ముందుగదిలోని కుట్టు దుకాణంలో, ఐదు నెలల తర్వాత ఈ రోజే బల్ల ముందు నిలబడింది. టీచరమ్మ కోటు అది! రెండో చెయ్యి కత్తిరించే ముందు బట్ట తిరగెయ్యాలి. పదేళ్లుగా కళ్లు మూసుకుని చేసిన పని... ఎలా మరిచిపోయింది? మిగిలిన బట్ట జానెడైనా లేదు. అయిదింటికల్లా టీచరమ్మ వస్తుంది.

"ఈ కోటు కుట్టి చూపించు. నీ వల్ల కాకపోతే కొత్త మనిషిని పెట్టేస్తాను" అన్నాడు పొద్దున భర్త. ఆమె కుట్టిన కాలరు చూసి మురిసిపోయిన మనిషేనా ఇతను! పాప పుట్టాక ఇద్దరి మధ్యా "పాలు తాగిందా? పడుకుందా?" తప్ప వేరే మాటే లేదు. ఆమె ఏడుపు మొదలుపెడితే చాలు, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోతాడు.

అత్తగారు పాపను భుజానేసుకుని వచ్చింది. "ఏమిటే తల్లీ, అలా కొయ్యబారిపోయావు? నీ కూతురు అక్కడ ఇల్లు పీకి పందిరేస్తోంది!"

"అత్తయ్యా... నాకేదీ చేతకావట్లేదు! బిడ్డని ఊరుకోబెట్టడం రాదు, ఆయనతో మాట్లాడటం రాదు, ఇప్పుడు చేతిలో పని కూడా పోయింది!" కోడలు బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడే భర్త లోపలికి వచ్చాడు. బల్ల మీది ముక్కలు చూశాడు.

"పెట్టుకోండి... మీ కొత్త మనిషిని పెట్టుకోండి!" అందామె.

అతను బల్ల కిందికి వంగి ఒక సంచీ లాగి కుమ్మరించాడు. కుడివైపు జేబు కుట్టిన చొక్కా, పొట్టిగా తెగిన ప్యాంటు, ఇంకా రెండు మూడు...

"ఇవన్నీ నేను పాడుచేసినవి" అన్నాడు తలొంచుకుని. "నీకు తెలిస్తే, నువ్వు పనిలోకి రాకపోవడం వల్లే అనుకుంటావని దాచాను."

"మరి పొద్దున ఆ మాట..."

"ఒక్కణ్ణే చేసుకోలేకపోతున్నాను. ఇంకొకరుంటే నువ్వు కాస్త కునుకు తీస్తావనుకున్నా. అది చెప్పడం చేతకాక ఆ కూత కూశాను!"

"దొందూ దొందే!" అంటూ అత్తగారు పాపను కొడుకు చేతుల్లో పెట్టి కళ్లొత్తుకుంది.

గుమ్మంలో చెప్పుల చప్పుడు. టీచరమ్మ! పాప గుక్కపెట్టి ఏడ్చింది. అతను ఎంత ఊపినా ఊరుకోలేదు. ఆమె ఆ రెండు ముక్కలూ పట్టుకుని ఎదురెళ్లింది.

టీచరమ్మ వాటిని తిప్పి తిప్పి చూసి ముఖం చిట్లించింది. "ఇంత మంచి బట్ట! ఎవరమ్మా ఇలా కత్తిరించింది?"

"మేమేనండీ" అన్నాడు వెనక నుంచి అతను, ఏడుస్తున్న బిడ్డను భుజాన మార్చుకుంటూ.

ఆమెకు మళ్లీ ఏడుపు పొంగుకొచ్చింది... అతను మాత్రం బయటికి వెళ్లలేదు.