దేవకమ్మ గదిలో కంపు

పొద్దున్నే కాఫీ గ్లాసు నోటిదాకా తీసుకుని దేవకమ్మ ముక్కు మూసుకుంది. గదిలో మళ్లీ అదే కంపు. పాడైన నెయ్యిలో ఏదో చచ్చి నానినట్టు కంపు. పది రోజులుగా ఇదే వరస. కారణం ఎవరో ఆమెకు అనుమానమే లేదు. కోడలు భానుశ్రీ.

భానుశ్రీ ఐదు నెలలుగా ఏసీ రిపేరు నేర్చుకుంటోంది. సీనియర్ మెకానిక్ షానవాజ్ వెంట తిరుపతి లాడ్జీలన్నీ తిరిగి, జిగురు పట్టిన నీళ్ల పైపులు కడుగుతుంది, వెంట్రుకలు చుట్టుకున్న ఫిల్టర్లు దులుపుతుంది. ఛీ, ఇంటి కోడలు చేసే పనేనా అని దేవకమ్మ ఏవగింపు. అందుకే ఆ ఇంట్లో కొత్త చట్టాలు వచ్చాయి. కోడలు పెరటి దారినే రావాలి, అక్కడే స్నానం చెయ్యాలి, అత్త గది గడప తొక్కకూడదు. చివరికి అన్నం తినే స్టీలు కంచం కూడా వేరే పెట్టింది. ఏం మనుషులో!

కొడుకు చక్రధర్ తిరుమల ఘాట్ బస్సు డ్రైవరు. కొండమీద ఎన్ని మలుపులైనా తిప్పుతాడు గానీ తల్లి ముందు నోరు పెగలదు. ఆ పొద్దున అతను డ్యూటీ దిగి రాగానే దేవకమ్మ తేల్చి చెప్పేసింది.

"నాకు తిండి సయించడం లేదురా. ఈ పాడు పనన్నా మాన్పించు, లేదంటే నన్ను చంద్రగిరిలో మీ అక్క ఇంట్లో దింపు."

చక్రధర్ భార్య ముఖం చూడకుండా, పోనీ మానెయ్ భానూ అని గొణిగాడు. సోమవారమే ఆమెకు పరీక్ష. పాసైతే ఉద్యోగం వస్తుంది. ఐదు నెలలు మురికిలో చేతులు పెట్టింది దానికోసమే. భానుశ్రీకి మొగుణ్ణి చూస్తే అసహ్యం వేసింది. ఏ లాడ్జీ పైపులో జిగురూ ఆమెకు అంత రోత పుట్టించలేదు.

ఏడవలేదు. ఊహించి స్క్రూ తిప్పొద్దు, ముందు అడిగి తెలుసుకో అన్నది షానవాజ్ నేర్పిన మొదటి పాఠం. అందుకే అడిగింది.

"అత్తా, మొన్న రెండు దినాలు నేను పుత్తూరులో మా అమ్మ కాడ ఉంటిని గదా. అప్పుడు కంపు లేదా?"

దేవకమ్మ తడబడింది. ఉందనే ఒప్పుకోవాల్సి వచ్చింది. తన గదిలో ఏసీ ఆపితే తగ్గుతుందట, వేస్తే గుప్పుమంటుందట.

"అట్లయితే అది నా ఒంటిది కాదు. నీ ఏసీలో ఉండాది. ఒక్కసారి లోపలికి రానీ."

మెయిన్ ఆపి, భానుశ్రీ స్టూలెక్కింది. ఏసీ పైన, గోడకు ఆనించి, పట్టుగుడ్డ మూట ఒకటి. అందులో చక్రధర్ కొండమీంచి తెచ్చిన ప్రసాదం లడ్డూలు. చీమలు గుడ్డను తొలిచేశాయి. నెయ్యీ పాకమూ పై సందుల్లోంచి కారి, ఫిల్టరు పసుపు ముద్దయింది. తీపికి బొద్దింకలు చేరాయి. వాటికోసం వచ్చిన బల్లులు రెండు గాలి తిప్పే చక్రంలో నలిగి కుళ్లిపోయాయి. చక్రధర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు.

ఆ పట్టుగుడ్డ ముడి ఎవరు వేశారో దేవకమ్మకు తెలుసు. ఎవరి చెయ్యీ తగలని ఎత్తు అదొక్కటేనని, కోడలి మైల ప్రసాదానికి అంటకూడదని, మంచమెక్కి తనే పెట్టింది. పెట్టి మరిచిపోయింది.

భానుశ్రీ చక్రంలో వేళ్లు పెట్టి బల్లి తోలు పీకుతోంది. దాన్ని వెయ్యడానికి ఏదైనా అందించమని కిందికి చూసింది.

అత్త అక్కడ లేదు. వంటింట్లోంచి వచ్చింది. చేతిలో కోడలి వేరు కంచం. కళ్లనీళ్లు కారుతుంటే, ముక్కు మూసుకోకుండా, ఆ కంచాన్ని రెండు చేతులా ఏసీ కిందికి ఎత్తి పట్టింది.

"దీంట్లో ఎయ్యి తల్లీ. ఇంక దీంట్లో నీకు అన్నం పెట్టను."