హాలు గడియారమే ప్రమాణం

"బయటివాళ్లకి నాలుగో నంబర్ కంప్యూటర్ ఒక్కటే. రోజుకి గంటసేపే. స్టూడెంట్ ఎవరైనా వస్తే మధ్యలోనైనా లేవాలి. పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. ప్రింట్లు పది పేజీలు దాటకూడదు. టైమ్‌కి హాలు గడియారమే ప్రమాణం."

మెడికల్ కాలేజీ లైబ్రరీ కౌంటర్ వెనక కూర్చున్న అమ్మాయి ఇదంతా గడగడా అప్పజెప్పేసింది.

ఎదురుగా నిలబడ్డ వాచీ మెకానిక్‌కి నవ్వొచ్చింది. "మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి రూల్ ఏమన్నా ఉందాండీ?"

"ఉంది. చప్పుడు కాకుండా పీల్చుకోవాలి. ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టాడు. మనసులో ఆవిడకి 'రూల్స్ మేడమ్' అని పేరు కూడా పెట్టేశాడు.

నవ్వాడన్న మాటేగానీ, వచ్చిన పని నవ్వులాట కాదు. అతనికి పని నేర్పింది వాళ్లమ్మ. వాచీ బాగుపడిందో లేదో చెవి దగ్గర పెట్టుకుని చెప్పేసేది. అలాంటి మనిషికి రెండేళ్లుగా వినికిడి తగ్గిపోతూ వచ్చింది. చెవి లోపల ఒక బుల్లి ఎముక బిగుసుకుపోయిందనీ, ఆపరేషన్ చేసి దాని బదులు ఇంకోటి పెడితే వినపడొచ్చనీ డాక్టర్ చెప్పాడు. సోమవారంలోగా ఒప్పుకోకపోతే ఐదు నెలల దాకా ఖాళీ లేదన్నాడు. ఆవిడేమో, "లోపల ఏం చేస్తారో తెలీకుండా నా చెవిలో చెయ్యి పెట్టనివ్వను" అని భీష్మించుకు కూర్చుంది.

"ఇది చదివి కాస్త అర్థం చెప్తారా?" అన్నాడు, తెర మీద కనిపించిన ఇంగ్లీష్ చూసి బిక్కమొహం వేసి.

"అదొక్కటీ కుదరదండీ. వెతికిపెట్టడం మా పని, జబ్బు గురించి అర్థం చెప్పడం డాక్టర్ పని. అదే అన్నిటికన్నా పెద్ద రూల్." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "మీ సందేహాలు కాగితం మీద రాసుకెళ్లి ఆయన్నే అడగండి. ఈలోగా బొమ్మలు, వీడియోలూ చూడండి. వెతికిపెడతాను" అంది.

వెతికిపెట్టింది. అతను చూస్తూ కూర్చున్నాడు. పావుగంటలో ఇంకో సంగతి కూడా పసిగట్టాడు. గోడమీది లోలకం గడియారం వెనకబడుతోంది. గంటకి అటూ ఇటూగా ఆరు నిమిషాలు. చెబుదామని నోరు తెరిచాడు. ఆరు నిమిషాలు ఎక్కువ కూర్చోవచ్చు కదా అనిపించి మూసేశాడు. అప్పటికి ఆ ఆశ కంప్యూటర్ కోసమే.

రెండో రోజు సరిగ్గా ఆపరేషన్ వీడియో మొదలయ్యే సమయానికి ఓ స్టూడెంట్ వచ్చి నిలబడ్డాడు.

"లేవాలండీ."

"ఒక్క రెండు నిమిషాలు!"

"రూల్."

లేచాడు, రుసరుసలాడుతూ. ఆ సాయంత్రం ఇంట్లో రూల్స్ మేడమ్ మీద అమ్మకి చెవిలో అరిచి మరీ చాడీలు చెప్పాడు. అమ్మ ముసిముసిగా నవ్వింది.

మూడో రోజు జేబులోంచి కంటికి పెట్టుకునే భూతద్దం తీసి, తెరకి ముక్కు ఆనించేంత దగ్గరికి వంగాడు. రూల్స్ మేడమ్ పరుగెత్తుకొచ్చింది.

"ఏంటండీ ఇది? తెర ముట్టుకోకూడదు!"

"ముట్టుకోలేదండీ, చూస్తున్నా. ఆ ఎముక ఎంతుంటుందో ఎంత చూసినా తెలియట్లేదు. ఎర్రచుక్కలు, పచ్చచుక్కలు తప్ప ఏం లేదు."

ఆవిడ కిసుక్కున నవ్వింది. లైబ్రరీలో అలా నవ్వకూడదని గుర్తొచ్చి చప్పున నోరు మూసుకుంది. ఓ క్షణం ఆలోచించి బీరువా తాళం తీసి, అరచేతిలో పట్టే గాజు డబ్బా ఒకటి తెచ్చింది. లోపల నల్లగుడ్డ మీద చెవిలో ఉండే మూడు ఎముకలు.

"రూల్స్ కంప్యూటర్ల గురించి. డబ్బా గురించి ఎక్కడా రాయలేదు" అంది గుసగుసగా.

అతను భూతద్దం పెట్టుకుని వంగాడు. మూడింట్లో అతి చిన్నది బియ్యపుగింజలో సగముంది. రెండు సన్నని కాళ్లు, మధ్యలో సందు, అడుగున పల్చని పాదం. కంటికి ఆనని మరలు రోజూ బిగించే మనిషి, డబ్బాని వెలుగు వైపు తిప్పి మళ్లీ చూశాడు.

"ఎవరు చేశారండీ దీన్ని!" అన్నాడు.

ఆవిడా భూతద్దం అడిగి తీసుకుని చూసింది. చాలాసేపు తలెత్తలేదు. "రెండేళ్లుగా ఈ బీరువా ముందునుంచే తిరుగుతున్నా. ఎప్పుడూ ఇలా చూడలేదు."

అవతల ఎవరో పేజీ తిప్పారు. ఎక్కడో కుర్చీ జరిగింది. ఆ చప్పుళ్లన్నీ ఇంత చిన్న ఎముక మీదుగానే తమ లోపలికి వస్తున్నాయని ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

మర్నాడు అమ్మని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ తన మాట తనకే వినపడని మనిషి. గుమ్మంలోంచే లైబ్రరీ అదిరిపోయేలా, "ఒరేయ్, రోజూ అన్నం తినేటప్పుడు నువ్వు చెప్పే అమ్మాయి ఈవిడేనా? కోపిష్టిదన్నావు, ముద్దుగానే ఉందిగా!" అంది.

హాల్లో తలలన్నీ లేచాయి. మెకానిక్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రూల్స్ మేడమ్ రిజిస్టర్‌లో తలదూర్చేసింది. 'నిశ్శబ్దం' అన్న బోర్డు నెత్తి మీదే ఉన్నా నోరెత్తలేదు.

అమ్మ మాత్రం గాజు డబ్బా మీదికి వంగగానే ఆ సందడంతా మరిచిపోయింది.

"ఇది కదలకేనా నాకు వినపడనిది?" అంది చివరికి, మెల్లగా. కొడుకు తలూపాడు. "దీని పని చెయ్యడానికి ఇంకోటి అమర్చే చేతులున్నాయా లోకంలో?"

కొడుకు ముందురోజు డాక్టర్‌ని అడిగి రాసుకున్న కాగితం చూపించాడు. కొత్తది ఎంతుంటుందో, ఎలా పెడతారో, ఏం తేడా జరగొచ్చో అన్నీ ఉన్నాయి. అమ్మ రెండుసార్లు చదివింది.

"అలాంటి చేతులకైతే నా చెవి అప్పజెప్తాను. ఒప్పుకున్నానని చెప్పు."

ఆపరేషన్ అయిన ఆరు వారాల తరవాత తల్లీకొడుకులు మళ్లీ లైబ్రరీ మెట్లెక్కారు. రూల్స్ మేడమ్ లేచి నిలబడింది. ఏమైందని అడగడానికి ధైర్యం చాలక అతని మొహంలోకి చూసింది.

అమ్మ హాలు మధ్యలో ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. తెరిచేసరికి కళ్ల నిండా నీళ్లు.

"ఒరేయ్," అంది, ఈసారి మెల్లని గొంతుతో. "ఆ గడియారం నిదానంగా కొడుతోంది. గంటకి ఆరు నిమిషాలన్నా పోతుంది."

మెకానిక్ గడియారం వైపు, అమ్మ వైపు చూశాడు. అంత దూరంనుంచి వింది!

"అన్ని రోజులొచ్చావు, గమనించలేదా?"

"గమనించానమ్మా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే..." నేల చూపులు చూశాడు. "ఆ ఆరు నిమిషాలు పోతాయని. మొదటిరోజు కంప్యూటర్ కోసమే. తరవాత... కంప్యూటర్ కోసం కాదు."

అమ్మ రూల్స్ మేడమ్ వైపు తిరిగింది. "నీకూ తెలీదామ్మా?"

"రోజూ పొద్దున్నే ముల్లు ముందుకి జరిపేది నేనేనండీ." ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. "బాగుచేయించాలని రిజిస్టర్‌లో రాశాను. మీ అబ్బాయి ఆ ఎముక చూసినరోజు, వెళ్లిపోయాక, ఆ రాసింది కొట్టేశాను."

"ఎందుకూ?"

"బాగుచేస్తే ఆయన గంట గంటే అవుతుంది కదండీ."

అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వు తనకే వినపడి ఉలిక్కిపడి, మళ్లీ నవ్వింది.

"స్టూల్ వెయ్యి. సరిచేసెయ్. ఇకమీద ఈ పిల్లతో మాట్లాడాలంటే మన ఇల్లుంది, నిమిషాలు దొంగిలించక్కర్లేదు."

మెకానిక్ స్టూలెక్కి, లోలకం మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు. "మేడమ్, బయటివాళ్లు గడియారం ముట్టుకోవచ్చా?"

"బయటివాళ్లు ముట్టుకోకూడదు." ఆవిడ వచ్చి స్టూలు కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. "మీరు ముట్టుకోండి."

అతను లోలకం అడుగునున్న మరని కొద్దికొద్దిగా తిప్పుతుంటే, అమ్మ కింద కళ్లు మూసుకుని వింటూ, "ఇంకాస్త... ఇంకొక్క చుట్టు..." అంటూ నిలబడింది.

"ఆఁ. ఇప్పుడు సరిగ్గా ఉంది" అంది.