ఫిల్టరు ఎవరు కడగాలి

సెలవురోజు పొద్దున్నే తండ్రీకూతుళ్ళు ఫోనులో తలలు దూర్చి కూర్చున్నారు. హాల్లో గోడ పొడవునా ఉన్న చేపల తొట్టికి కొత్త ఫిల్టరు కొనాలి. పాతది కొన్నాళ్ళుగా మూలుగుతోంది.

"తొట్టి కింద అలమరలో పెట్టేది తీసుకుందాం నాన్నా. చప్పుడుండదు, బయటికి కనపడదు," అంది కూతురు.

"పెద్దదే తీసుకుందాం. నీళ్ళు అద్దంలా ఉంటాయి," అన్నాడాయన. ఆయన ఏసీ మెకానిక్కు. వారమంతా ఊళ్ళోవాళ్ళ ఫిల్టర్లు విప్పి, కడిగి, బిగించి వస్తాడు. ఇంటికొచ్చాక ఫిల్టరన్న మాట వింటేనే నీరసం.

తల్లి కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి, నడుం పట్టుకుని, ఖాళీ బకెట్టు తెచ్చుకుంది. తొట్టి ఫిల్టరు కడిగే రోజది.

"అమ్మా, నీకేది నచ్చింది?"

"ఏదీ వద్దు. చేపల్ని ఎవరికైనా ఇచ్చేయండి."

ఇద్దరూ తలెత్తారు.

"అదేంటి, ముచ్చటపడి తెచ్చుకున్నవి," అన్నాడాయన.

"ముచ్చట మీది, మురికి నాది. కింద పెడితే చప్పుడుండదు, నిజమే. వంగి, బయటికి లాగి, మోసేదెవరు? ఇంతసేపట్లో ఆ ఒక్క మాట మీ ఇద్దరి నోటా రాలేదు." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

ఆయనకు చిర్రెత్తింది. "నేను మాత్రం ఖాళీగా ఉంటున్నానా? రోజంతా చేసేదదేగా. ఇటివ్వు," అంటూ బకెట్టు లాక్కున్నాడు.

బకెట్టు పిడికి, అరచెయ్యి కోసుకుపోకుండా, బట్టలు కుట్టగా మిగిలిన గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ కూడా అరిగిపోయింది. ఆయన కాసేపు దాన్నే చూశాడు. తర్వాత ఫిల్టర్లోంచి స్పాంజీ తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాడు.

"కుళాయి కింద కాదండీ. అది ఏసీ ఫిల్టరా? తొట్టి నీళ్ళు తోడుకుని అందులోనే పిండాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ మందుంటుంది, చేపలు బతకవు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడూ కడగలేదుగా."

కూతురు నవ్వబోయి, అమ్మ మొహం చూసి ఆగిపోయింది. ఆయన తొట్టి నీళ్ళు తోడి, నేలమీద గొంతుక్కూర్చుని స్పాంజీ పిండాడు. నీళ్ళు నల్లబడ్డాయి. మళ్ళీ తోడాడు, మళ్ళీ నల్లబడ్డాయి.

"ఏది కొనమంటావో చెప్పు. నీకు వీలుగా ఉండేదే కొందాం," అన్నాడు తలెత్తకుండా.

"నాక్కాదు. మీకు వీలుగా ఉండేది కొనండి."

ఆయన చేతులు ఆగాయి. ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళు చెమర్చాయి. చేతులు మురికిగా ఉండడంతో తుడుచుకోలేకపోయాడు.

"సరే. ఇకనుంచి కడగడం నాది," అన్నాడు. "నువ్వు కూర్చో."

కూతురు కుర్చీ తెచ్చి తొట్టి ముందు వేసింది. ఆవిడ కూర్చుంది. ఏళ్ళ తరబడి కడిగిన ఆ తొట్టి ముందు, ఊరికే కూర్చుని చేపల్ని చూడడం ఆవిడకు అదే మొదటిసారి.