నాన్న జేబులో నారింజ చాక్లెట్లు

మధ్యాహ్నం అమూల్య బడి నుంచి వచ్చేసరికి నాన్న మల్లేశ్వరరావు గాఢనిద్రలో ఉన్నాడు. ఆయనది అంబులెన్స్‌లో రాత్రి డ్యూటీ. దారిలో రోగికి ఆక్సిజన్ పెట్టడం, సెలైన్ ఎక్కించడం ఆయన పని.

మేకుకు వేలాడుతున్న యూనిఫాం జేబులోంచి ఏదో రంగు కాగితం తొంగిచూసింది. తీసి చూస్తే నారింజ చాక్లెట్లు.

అమూల్యకు ఒళ్లు మండింది. నాన్నకు షుగర్ అని అమ్మ టీలో చక్కెర మానిపించింది. అన్నం తగ్గించి రొట్టెలు పెడుతోంది. ఈయనేమో దొంగచాటుగా చాక్లెట్లు తింటున్నాడన్నమాట! నాన్నను తనే కాపాడుతున్నంత గర్వంగా వాటిని తీసేసింది. పారేయడానికి మాత్రం మనసొప్పలేదు. పక్కింటి ప్రీతితో కలిసి తినేసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే రావలసిన నాన్న రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. అమ్మ వంటింటికీ గుమ్మానికీ తిరుగుతోంది. ఎందుకంత కంగారని అమూల్య అడిగింది.

"మాత్రేసుకున్నాక కేసొస్తే తిండి ఆలస్యమైపోద్ది. షుగర్ దిగిపోతే కళ్లు తిరిగి పడిపోతారు. జేబులో చాక్లెట్లున్నాయి కదా, అవే ఆదుకోవాల," అంది అమ్మ.

అమూల్య గుండె గుభేలుమంది. షుగర్ పెరిగితేనే ప్రమాదమనుకుంది. తగ్గినా ప్రమాదమేనని ఆమెకు తెలియదు. మెట్ల మీద కూర్చుని వీధి మలుపు వైపే చూసింది. ఏ బండి చప్పుడైనా లేచి నిలబడింది.

చివరికి అంబులెన్స్ డ్రైవర్ వీరేంద్ర తన బైకు మీద నాన్నను తీసుకొచ్చాడు. నాన్న ముఖం వాడిపోయి ఉంది.

"టెన్షన్ మత్ లో భాభీ, అబ్ ఠీక్ హై," అని వీరేంద్ర హిందీలో అమ్మకు ధైర్యం చెప్పాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడని.

ఊరి చివర ఉర్లా ఫ్యాక్టరీల వైపు వరసగా కేసులట. టిఫిన్ డబ్బా మూత తీసే తీరిక కూడా లేదట. ఆఖరి రోగిని ఆసుపత్రిలో దింపాక నాన్నకు చేతులు వణికి, చెమటలు పట్టాయి. జేబు తడుముకుంటే ఖాళీ. వీరేంద్రే టాటీబంధ్ కూడలిలోని టీకొట్టుకు పరుగెత్తి, పంచదార నీళ్లు తెచ్చి తాగించాడట.

"జేబులోనే ఏసుకున్నాను గదా, ఎక్కడ పడిపోనాయో," అన్నాడు నాన్న.

నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అమూల్యకు ఏడుపు తన్నుకొచ్చింది. "పడిపోలేదు నాన్నా. నేనే తీసేశాను. నీకు తీపి పడదని..."

నాన్న ఆమెను దగ్గరకు తీసుకున్నాడు. "నన్నో మాట అడగాల కదమ్మా," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

సాయంత్రం నాన్న భోజనానికి కూర్చున్నాడు. కంచం పక్కన అరటిపండు ఉంది. దాన్ని లాక్కోవడానికి అమూల్య చెయ్యి ముందుకు వెళ్లింది. అంతలోనే ఆగింది.

"నాన్నా, ఇది నువ్వు తినొచ్చా?"

సగం తినొచ్చన్నాడు నాన్న. ఆమె తొక్క ఒలిచి సగం ఆయన కంచంలో పెట్టింది. మిగతా సగం నోటి దాకా తీసుకెళ్లి, అది తను తినొచ్చా అని కూడా అడిగింది.