ఆకుపచ్చ మూత

"నీ తమ్ముడిది ఆత్మహత్య కాదు," అన్నాడు చీఫ్, ఫైలు బల్ల మీద పడేస్తూ. "హత్య."

డిపార్ట్‌మెంట్‌లో అందరూ గద్ద అని పిలిచే ఆ ఏజెంట్ ఏడవలేదు. ఆమె కన్నీళ్లు ఏడాది క్రితమే ఇంకిపోయాయి. మిగిలింది కసి ఒక్కటే.

తమ్ముడు కోడ్స్ సెక్షన్‌లో ఆఫీసరు. బైపోలార్ ఉంది. మెదడు కణాల మధ్య సంకేతాలు అదుపు తప్పి, లోపలి నిద్ర గడియారం చెడిపోయే జబ్బు. లిథియం బిళ్లలతో తొమ్మిదేళ్లు నిక్షేపంగా ఉన్నాడు. ఉన్నట్టుండి నిద్ర మానేశాడు, ఆగకుండా వాగాడు, ఆపైన కుంగి ప్రాణం తీసుకున్నాడు. వాగిన కోడ్స్ విదేశీ ముఠాకు చేరాయి.

"బిళ్లలు మార్చేశారనుకుందామంటే, రక్తం రిపోర్టుల్లో లిథియం సరిగ్గానే ఉంది సర్."

"అదే అంతుపట్టట్లేదు. ఇప్పుడు నీ తమ్ముడు చూపించుకున్న క్లినిక్‌లోనే ఇంకో కోడ్ ఆఫీసరు. రెండు రోజులుగా కన్ను మూయలేదు. మాస్టర్ కోడ్ అతని నాలుక మీదే ఉంది. అక్కడ నర్సుగా ఉన్న నెమలి మన మనిషే. సాయం చేస్తుంది."

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి గద్ద తెల్లకోటు, మాస్కుతో ల్యాబ్ టెక్నీషియన్‌గా వార్డులో ఉంది.

"రక్తం నేను తీస్తాలే," అంది నెమలి, అందంగా నవ్వుతూ. ట్రేలోంచి ఆకుపచ్చ మూత ట్యూబు అందుకుంది.

గద్ద చూపు ఆ మూత మీద ఆగింది. లిథియం పరీక్షకు ఆ ట్యూబు వాడరు. రక్తం గడ్డకట్టకుండా అందులో పూసే మందులోనే లిథియం ఉంటుంది. రోగి సుద్దముక్క మింగినా రిపోర్టు భేషుగ్గా వస్తుంది.

మంచం మీది ఆఫీసరు గబగబా అంటున్నాడు. "సిస్టర్, మీకొక్కరికే చెప్తా. మొదటి అంకె ఏడు, రెండోది..."

నెమలి తన మెడలోని లాకెట్‌ను అతని నోటి దగ్గరికి వంచింది. గద్ద అరచేయి అతని నోరు మూసింది. రెండో చేతిలోని సూది నెమలి మెడకు ఆనింది.

"శాంపిల్ గడ్డకట్టింది," అంది గద్ద కోటు గుండీలోని మైకులో. ఆ సంకేతంతో చీఫ్ మనుషులు తలుపులు బద్దలుకొట్టారు. పక్కగదిలో ఆ లాకెట్‌లోని మైకు వింటూ హెడ్‌ఫోన్స్‌తో కూర్చున్న క్లినిక్ డాక్టరు దొరికిపోయాడు.

"నీ తమ్ముడి మెదడే వాడికి శత్రువు," మాస్కు తీసిన గద్దను గుర్తుపట్టి బుసకొట్టింది నెమలి. "నేనేం చేశాను?"

"ఆ మెదడు మందుతో దారికొచ్చింది. ఆ మందు కాజేసింది నువ్వు. మా అమ్మది, వాడిది, నాది ఒకే జబ్బు. పదేళ్లుగా నా రక్తం లిథియం పూయని ఎర్రమూత ట్యూబులోకే వెళ్తోంది."

నెమలి మొహం పాలిపోయింది. "అయితే చంపెయ్!"

"అంత తేలిగ్గానా? వాడు ఇరవై రోజులు నిద్రలేకుండా గడిపాడు. నువ్వు జైల్లో ముప్పై ఏళ్లు గడుపు."

ఆఫీసరు బెదురుగా చూశాడు. "అక్కా, నేనేమైనా వాగానా?"

"ఒక్క అంకే తమ్ముడూ. పడుకో." గద్ద అతని మీద దుప్పటి సర్దింది.

కారెక్కాక చీఫ్ అడిగాడు. "కసి తీరిందా?"

గద్ద తన పొద్దుటి బిళ్లను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో వేసుకుంది.

"ఈ కసికి మాత్రం లిథియం పనిచేయదు సర్."