పాలగది తాళం

ధవళేశ్వరం కాలువగట్టున ఆ ఇంట్లో పొద్దున్నే కవ్వం చప్పుడు ఆగిందంటే వరహాలక్ష్మి వచ్చి కుండలోకి తొంగి చూడాల్సిందే. ఆ రోజూ చూసింది. వెన్న నిమ్మకాయంత కూడా లేదు. నెల కిందట ఇదే గేదె, ఇన్నే పాలు, నారింజకాయంత ముద్ద పడేది.

"మిగతాది ఏదమ్మా?" అంది కోడలితో.

"పడిందే ఇంత, అత్తయ్యగారూ," అంది నాగేశ్వరి.

"మొన్న మీ తమ్ముడు కొవ్వూరు పడవెక్కుతూ గిన్నె పట్టుకెళ్ళాడుగా."

"అందులో మాగాయ. మీరే పెట్టిచ్చారు."

"మాగాయ కింద ఏముందో."

నూతి దగ్గర పక్కింటావిడ చేద ఆపి మరీ వింది. కామేశం చద్దన్నంలోంచి తల ఎత్తలేదు. కాలువ ఆఫీసులో గుమాస్తా. అక్కడ దొర ముందు నోరు పెగలదు, ఇంట్లో తల్లి ముందు అసలే పెగలదు. అలాంటి మొగుడు ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

నాగేశ్వరి కవ్వం తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

"రేపట్నించి మీరే తోడెయ్యండి, మీరే చిలకండి. నేను పాలగది గడప తొక్కను. వెన్న పెరిగిందా, నేను దొంగనే. మీరు పొమ్మనక్కర్లేదు, నేనే పడవెక్కుతాను."

వరహాలక్ష్మి ఆ పూటే పాలగదికి తాళం వేసింది. తాళంచెవి మొలలో దోపుకుంది. వారం చిలికింది. వెన్న పెరగలేదు సరికదా, ఉసిరికాయంత అయింది. మొండిమనిషి, అయినా పొరపాటన్న మాట నోట రాలేదు.

ఎనిమిదో రోజు పొద్దున ఆవిడ కుడితి తొట్టిలో సోలెడు నువ్వులనూనె వంచుతుంటే నాగేశ్వరి చూసింది.

"ఆ నూనె ఎందుకండీ?"

"వెన్న పడాలని. నూనె తీసేసిన తెలికపిండి పెడితేనే అంత పడేదిగా, నూనే పోస్తే ఇంకా పడుతుందని గిద్దెడుతో మొదలెట్టాను. పడట్లేదని సోలెడు చేశాను."

"ఎన్నాళ్ళైంది మొదలెట్టి?"

"నెల."

"వెన్న తగ్గి ఎన్నాళ్ళైంది, అత్తయ్యగారూ?"

వరహాలక్ష్మి సోల పక్కన పెట్టేసింది. మర్నాటి నుంచి గేదెకు ఎండుగడ్డి, తెలికపిండి, అంతే. వారం తిరిగేసరికి ముద్ద నిమ్మకాయంత అయింది. మరో వారానికి నారింజకాయంత పడింది.

ఆవిడ ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుని నూతి దగ్గరికి నడిచింది. పక్కింటావిడను పిలిచింది.

"నా కోడలు దొంగని నీ ఎదుటే అన్నాను. నీ ఎదుటే చెబుతున్నాను. నా చేతులతో నేనే గేదెను పాడుచేసి, పిల్లను ఆడిపోసుకున్నాను."

తిరిగొచ్చి తాళంచెవి కోడలి ముందు పెట్టింది. నాగేశ్వరి ముట్టుకోలేదు.

"చెవి నాకెందుకండీ. ఆ తలుపుకి తాళం ఉన్నన్నాళ్ళూ నేను ఈ ఇంట్లో దొంగనే."

వరహాలక్ష్మి కళ్ళు తుడుచుకోకుండానే తాళం ఊడదీసింది. గట్టు మీదికెళ్ళి తాళం, చెవి రెండూ కాలువలోకి విసిరేసింది. అప్పుడు ఏడ్చింది నాగేశ్వరి, నెలరోజుల ఏడుపూ ఒక్కసారే. అత్తగారు పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది.

"అమ్మా, అన్నం," అన్నాడు కామేశం లోపల్నించి.

"నువ్వే వడ్డించుకో," అంది వరహాలక్ష్మి.