తాడు అందుకున్న చెయ్యి

పడవ ప్రయాణం అనగానే మా లాండ్రీలో వాళ్ళందరూ కళ్ళు ఇంతవి చేసుకుని చూసేవాళ్ళు. "అదృష్టవంతురాలివి వదినా, సెలవులన్నీ సముద్రం మీదే" అనేవాళ్ళు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఆరేసే ఉద్యోగం నాది. ఏడాదంతా తడిబట్టలు ఎత్తి ఎత్తి భుజాలు పడిపోతే, సెలవుల్లో తడితాళ్ళు ఎత్తాలి. అదీ నా అదృష్టం.

పడవ మా ఆయనది. ఆయన లారీ ఇంజన్ల మెకానిక్కు. ఎవరో తుక్కు కింద వదిలించుకున్న మోటారు పడవని తెచ్చి, విప్పి, బిగించి, దానికి మళ్ళీ ప్రాణం పోశారు. ముందు కూర్చోవడానికి ఒక బల్ల, మధ్యలో ఇద్దరు ముడుచుకుని పడుకునేంత గది, గది వెనక స్టీరింగు, దాని కింద ఇంజను. వేసవి వస్తే చాలు, తీరం వెంబడే పోయేవాళ్ళం. పొద్దున్న ఒక చిన్న రేవులో బయల్దేరడం, సాయంత్రానికి ఇంకో చిన్న రేవు చేరడం, డీజిలు పోయించుకోవడం, తినడం, పడుకోవడం. ఆయనకి అంతకు మించిన స్వర్గం లేదు.

ఇంజను మోతలో ముందున్న మనిషి మాట వెనకున్న మనిషికి వినపడదు. అందుకని మాకో పద్ధతి ఉండేది. స్టీరింగు నాది, ఆయన ముందు నిలబడి మడమతో చెక్కమీద తట్టేవారు. ఒకసారి తడితే ఆగమని. రెండుసార్లు తడితే మెల్లగా ముందుకు రమ్మని. మూడుసార్లు తడితే తాడు కట్టేశాను, ఇక ఇంజను ఆపెయ్యమని. రోజంతా ఎండలో నడిపి నడిపి తల ప్రాణం తోకకి వచ్చాక ఆ మూడు దెబ్బలు వింటే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

పోయిన చలికాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. మనిషి దక్కారు. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కుడిచెయ్యి మాత్రం పడిపోయింది, చెంచా పెట్టినా జారిపోతుంది. పడవ అమ్మేద్దామన్నాను. "ఈ ఒక్క వేసవికి" అని చిన్నపిల్లాడిలా బతిమాలారు. కాదనలేకపోయాను. దాంతో మా పద్ధతి మారింది. ఆయన ముందు బల్లమీద కూర్చుని, ఆగమనీ రమ్మనీ కర్రతో తడతారు. పడవ గట్టుకి ఆనగానే నేను స్టీరింగు వదిలేసి, గది పక్కనున్న సన్నటి దారిలో ముందుకి పరుగెత్తి తాడు కట్టి, మళ్ళీ వెనక్కొచ్చి ఇంజను ఆపుతాను. మూడు దెబ్బలు కొట్టే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. నా ముళ్ళు చూసి ఆయనకి ఒకటే నవ్వు. "అది ముడి కాదు మహాతల్లీ, బట్టలమూట. విప్పాలంటే కత్తి కావాలి" అనేవారు.

ఆ రోజు పొద్దున్న గాలి ఎక్కువగా ఉంది. రేవులోంచి బయటపడుతుంటే తాడు నా చేతిలోంచి సర్రున జారి అరచెయ్యి తోలు లేచిపోయింది. ఆయన బల్లమీద కూర్చుని "అలా కాదు, ఇలా పట్టుకో, వదులు, లాగు" అంటూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇక నావల్ల కాదండీ" అన్నాను. "మిమ్మల్నీ ఈ పడవనీ ఎన్నాళ్ళని మొయ్యను? ఎవరైనా వచ్చి ఈ తాడు అందుకుంటామంటే ఇప్పుడే ఇచ్చేస్తాను. మీతో సహా!"

నోరు జారాను. అన్న మరుక్షణం నాలుక కొరుక్కున్నాను గానీ, ఆ మాట వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేదు నాకు. ఆయన "అలాగేలే" అన్నారు. ఇక ఆ రోజంతా ఎడమొహం పెడమొహమే.

సాయంత్రమయ్యేసరికి గాలి పడిపోయింది. ఎండ ఇంకా పూర్తిగా పోకముందే సముద్రం మీద మంచు దిగింది. మొదట పొగలా, తర్వాత గోడలా. ముందు బల్లమీదున్న ఆయన కూడా కనపడటం మానేశారు. చేరాల్సిన రేవు దగ్గర్లోనే ఉండాలి. ఇంజను వేగం తగ్గించి చెవులు రిక్కించాను. కర్ర దెబ్బలు రెండు. ముందుకు. మళ్ళీ రెండు. ముందుకు. ఎదురుగా గట్టులాంటిదేదో నల్లగా లేచింది. ఒక దెబ్బ. పడవని నిలిపాను.

స్టీరింగు వదిలి ముందుకి వెళ్దామని అడుగు వేశాను. అప్పుడు వినపడ్డాయి. ఒకటి, రెండు, మూడు.

కట్టేశాం, ఇంజను ఆపెయ్.

ఈ చిన్న రేవుల్లో ఒక మర్యాద ఉంది. పడవ వస్తుంటే గట్టుమీద ఉన్నవాళ్ళెవరైనా సరే తాడు అందుకుని కట్టేస్తారు, ఊరూ పేరూ కూడా అడగరు. అలాంటి పుణ్యాత్ముడెవరో దొరికాడనుకున్నాను. బయటికెళ్ళి నాలుగు మంచిమాటలు చెప్పాలి. కానీ కాళ్ళు పీకేస్తున్నాయి. ఇంజను ఆపేసి, గదిలోకి పోయి చతికిలపడ్డాను.

కాసేపటికి ఆయనా లోపలికి వచ్చారు. దీపం వెలిగించి, మిగిలింది వేడిచేసి ఇద్దరికీ వడ్డించాను. ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకుంటూ తిన్నాం. ఏదో తేడాగా ఉందని నాకు అనిపిస్తూనే ఉంది. గ్లాసులో నీళ్ళు చూశాక అర్థమైంది. నీళ్ళు కదలడం లేదు. ఎంత పెద్ద రేవులో కట్టినా పడవ కాస్తయినా ఊగుతుంది, అడుగున నీళ్ళు తపతపమంటాయి. ఇక్కడ ఆ చప్పుడే లేదు. వాసన మాత్రం వస్తోంది. తడి దుప్పట్లు మూటలోనే ఉండిపోయి మగ్గిపోతే వచ్చే వాసన. నాకది రోజూ తెలిసిన వాసనే. ఇక్కడికెందుకు వచ్చిందో అర్థం కాలేదు.

ముందు ఆయనే నోరు తెరిచారు.

"ముడి బాగా వేశావు. ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నేనెక్కడ వేశాను? గట్టుమీద వాళ్ళెవరో కట్టారుగా."

"గట్టుమీద ఎవరూ లేరే. నువ్వే కదా, నా పక్కన వంగి కట్టావు."

చెంచా కింద పెట్టాను. "నేను స్టీరింగు దగ్గర్నుంచి కదల్లేదండీ."

ఆయన నన్ను నమ్మనట్టు చూశారు. తర్వాత నమ్మారు. గొంతు తగ్గించారు.

"మంచులో మొహం కనపడలేదు... వంగి కడుతుంటే భుజం నా మోకాలికి తగిలింది. తడిగా ఉంది. కోపంలో ఉన్నావు కదా అని నేను పలకరించలేదు. మొహం తిప్పుకుని కూర్చున్నాను."

"మరి ఆ మూడు దెబ్బలు?"

"నువ్వే కొట్టావనుకున్నాను."

మాటలు లేని మొగుడూ పెళ్ళాలం కదా. ఒకరినొకరు అడగనైనా అడగలేదు.

టార్చీ తీసుకుని బయటికెళ్ళాను. వద్దన్నా ఆయన గోడలు పట్టుకుంటూ నా వెనకే వచ్చారు. పడవ ముందున్న ఇనుప కొమ్ముకి తాడు కట్టి ఉంది. చిన్న ముడి. పొందికైన ముడి. తాడు కొసని వెనక్కి మడిచి, దుప్పటి అంచు పరుపు కింద దోపినట్టు ముడిలోకి దోపేశారు. అక్కడి నుంచి తాడు బిగుతుగా మంచులోకి పోయింది. టార్చీ అటు తిప్పాను. గట్టు లేదు, గోడ లేదు, గుంజ లేదు. తెల్లటి మంచు, అందులోకి పోయిన తాడు... అంతే.

తాడు పట్టుకుని కొంచెం లాగాను.

అవతలి నుంచి కూడా లాగారు. కొంచెమే. నేను ఎంత లాగానో అంతే.

"ఎవరండీ అక్కడ?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

జవాబు కాళ్ళ కింద నుంచి వచ్చింది. చెక్కని కింద నుంచి ఎవరో తట్టారు. ఒకటి... రెండు...

ముందుకు.

ఆయన కర్ర గదిలోనే ఉంది. ఇంజను ఆపేసి ఉంది. పడవ కదిలింది. చప్పుడు లేకుండా, ఊగకుండా, మంచులోకి జరగడం మొదలుపెట్టింది. వాసన ముక్కు పగలగొడుతోంది.

"లోపలికి రండి... ఏమండీ, లోపలికి రండి" అంటూ ఆయన చెయ్యి పట్టుకోబోయాను. ఆ చెయ్యి తాడు మీద ఉంది. కుడిచెయ్యి. చెంచా నిలవని చెయ్యి తాడుని పిడికిలి బిగించి పట్టుకుంది.

"వదలండి!"

"నేను పట్టుకోలేదు" అన్నారు మెల్లగా. ఆయన గొంతులో భయం లేదు. అలసట ఉంది. "పోనీలే. నువ్వే అన్నావుగా, ఎవరైనా అందుకుంటే ఇచ్చేస్తానని. నిజంగానే అలసిపోయావు... ఇంకెన్నాళ్ళు మోస్తావు?"

"కోపంలో అన్నానండీ! కోపంలో అన్న మాట పట్టుకుని ఇలా చేస్తారా ఎవరైనా?" ఏడుస్తూ ఎవరితో అంటున్నానో నాకే తెలియదు. ఆయనతోనా, మంచుతోనా. గదిలోకి ఉరికి కూరగాయల కత్తి తెచ్చాను. ముడి విప్పే ప్రయత్నం కూడా చెయ్యలేదు. తాడు మీద కోస్తూ, కోస్తూ... ఒక్కో పోగూ తెగుతుంటే కింద నుంచి దెబ్బలు. రెండు... రెండు... రెండు... "నేనివ్వను" అన్నాను. "నా మనిషి. నేనివ్వను."

తాడు తెగింది.

పడవ ఒక్కసారిగా ఊగింది. ఇద్దరం పడ్డాం. నీళ్ళ హోరు ఎక్కడి నుంచో తెరుచుకున్నట్టు వచ్చి చెవుల్లో పడింది. పాకుతూ వెనక్కి పోయి ఇంజను వేశాను. మంచు పల్చబడ్డాక రేవు దీపం కనిపించింది. ఎక్కడో వెనక, చుక్కంత. మేము ఆ సాయంత్రం ఏ రేవులోకీ వెళ్ళలేదు. నడిసముద్రంలో ఉన్నాం.

ఇదంతా జరిగి వేసవి దాటిపోయింది. పడవ ఎవరో వచ్చి తీసుకుపోయారు. కావాలని అడిగిన మొదటి మనిషికే ఇచ్చేశాం. నేను సెలవు పొడిగించుకుని ఇంట్లోనే ఉంటున్నాను. ఆయన ఆ సంగతి ఎత్తరు, నేనూ ఎత్తను. మాటలు మాత్రం మానలేదు. పొద్దున్న లేచింది మొదలు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను, విసుక్కున్నా సరే.

మధ్యాహ్నం ఆయన్ని పడుకోబెట్టి పక్కనే నేనూ నడుం వాలుస్తాను. భయం నిద్రపోనివ్వదు, అలసట మేలుకోనివ్వదు. అందుకని ఒక పని చేస్తున్నాను. పాత దుప్పటి చింపిన గుడ్డపేలికతో ఆయన కుడి మణికట్టునీ నా మణికట్టునీ కలిపి కట్టుకుంటాను. రెండువైపులా నా బట్టలమూట ముళ్ళే. "ఎక్కడికి పోతానే?" అని నవ్వుతారాయన. నవ్వినా సరే కడతాను.

ఇవాళ కూడా కట్టాను. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియదు. మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పట్టపగలు, మా ఇల్లు, మా మంచం. నా మణికట్టు మీద నా ముడి అలాగే ఉంది.

ఆయన మణికట్టు మీద ఉన్నది నా ముడి కాదు. చిన్న ముడి. పొందికైన ముడి. గుడ్డ కొసని వెనక్కి మడిచి లోపలికి దోపేశారు. ముట్టుకుంటే తడి తగిలింది.

ఆయన నిద్రపోతున్నారు. గుండె మీద చెవి పెట్టాను. కొట్టుకుంటోంది, రేవులోకి వచ్చేటప్పుడు తగ్గించిన ఇంజనులా నెమ్మదిగా. కత్తెర ఎదురుగా బల్లమీద ఉంది. లేచి అందుకుందామనుకుంటుంటే మంచం చెక్కని కింద నుంచి ఎవరో తట్టారు.

ఒకటి.

రెండు.

ఆయన గుండె మీంచి చెవి తియ్యకుండా వింటున్నాను. మూడోది ఇంకా పడలేదు.